దుంగ లాగే గుర్రాలు

చెట్టు నరకడం గుర్రం పని కాదు. అది మనిషి పని. రంపం మిషన్ చేతిలో ఉంటే చెట్టు పడిపోవడానికి ఎంతోసేపు పట్టదు. అసలు తంటా ఆ తర్వాతే. పడిన దుంగను, నాలుగు వైపులా నిలబడి ఉన్న చెట్ల సందుల్లోంచి, వాటి బెరడు గీసుకుపోకుండా దారి దాకా చేర్చాలి. బెల్జియం ఆగ్నేయ భాగం నుంచి లక్సెంబర్గ్, ఉత్తర ఫ్రాన్స్ దాకా పరుచుకున్న అర్డెన్ కొండల్లో ఈ పనికి ఇప్పటికీ గుర్రాన్ని తోలుకెళ్ళే వాళ్ళున్నారు. ఆ గుర్రాల జాతి పేరు కూడా అర్డెనే.

అక్కడి స్ప్రూస్ (సూదాకుల చెట్టు) అడవులు చాలావరకు మనుషులు నాటినవి. బీళ్ళను వాడుకలోకి తేవాలని 1847లో బెల్జియం ఒక చట్టం చేసింది. పొదలు తప్ప మరేమీ పెరగని మెట్టల మీద ఆ తర్వాత స్ప్రూస్ వరసలు లేచాయి. ఇలాంటి తోటల్లో 2 మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 1000 మొక్కలు పడతాయి. అవన్నీ పెద్ద మానులయ్యేంత చోటు అక్కడ ఉండదు. అందుకే 20, 30 ఏళ్ళ వయసులో మొదటిసారి, ఆ తర్వాత కొన్నేళ్ళకోసారి తోటను పలచన చేస్తారు. వంకర పోయినవి, గిడసబారినవి, మంచి చెట్టుకు ఎండ తగలనివ్వకుండా అడ్డు నిలిచినవి తీసేస్తారు. అంటే బయటికి వచ్చే కలప సన్నది, చవకది. డబ్బంతా ఇంకా నిలబడే ఉంది. గుర్రం లెక్క చూడాల్సింది ఇక్కడే. ఘనపు మీటరు కలప బయటికి రావడానికి ఎంతయిందని అడిగితే గుర్రం సాధారణంగా ఓడిపోతుంది. మిగిలిన చెట్లకూ నేలకూ ఎంత నష్టం జరిగిందని అడిగితే గెలుస్తుంది. ఈ రెండో ప్రశ్న అడిగే యజమానులు తక్కువ. గుర్రాన్ని ‘పాతకాలపు ముచ్చట’ అని కొట్టిపారేసేవాళ్ళు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు.

పరికరాల సంగతికి వస్తే, ఎద్దు కాడిని మూపుతో తోస్తుంది. గుర్రానికి మూపురం లేదు కాబట్టి దాని బలమంతా భుజాల నుంచి రాబట్టాలి. అందుకోసం మెడ చుట్టూ తోలుతో కుట్టి, లోపల గడ్డి దట్టించిన గట్టి చట్రం వేస్తారు. చైనాలో ముందే ఉన్న ఈ ఏర్పాటు మధ్యయుగాల్లో యూరప్‌లో వ్యాపించింది. చట్రం కొలత కుదరడం ముఖ్యం. అడుగున, గొంతుకూ చట్రానికీ మధ్య అరచెయ్యి దూరేంత సందు ఉండాలి. బిగుతైతే ఊపిరాడదు, వదులైతే భుజం ఒరుసుకుని పుండు పడుతుంది. చట్రానికి రెండు వైపులా బయల్దేరిన పట్టీలు వెనక కాళ్ళు దాటాక ఒక అడ్డకర్రకు చేరతాయి. అడ్డకర్ర నడిమి కొక్కేనికి గొలుసు, గొలుసుకు దుంగ. అడుగు మారినప్పుడల్లా ఆ కర్ర ఇటూ అటూ ఊగుతూ రెండు భుజాల మీద బరువును సమంగా సర్దుతుంది.

పనిచేసే అర్డెన్ గుర్రం 700 కిలోల నుంచి 1000 కిలోల దాకా తూగుతుంది. గంటల తరబడి లాగాలంటే దాని బరువులో పదో వంతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే ఈడ్పు అడగాలన్నది పాత లెక్క. కొద్ది క్షణాల పాటైతే అంతకు కొన్ని రెట్లు లాగుతుంది. ఆ కొద్ది క్షణాలు కావలసింది దుంగ కదిలేటప్పుడే. నేలకు అతుక్కుపోయిన దుంగను తిన్నగా లాగితే మొరాయిస్తుంది. అందుకని గుర్రాన్ని ముందు కాస్త పక్కకు మళ్ళించి, దుంగను కొద్దిగా దొర్లించి, ఆ ఊపు పోకముందే దారికి తిప్పుతారు. గొలుసు ఎంత పొడవు వదలాలన్నదీ అనుభవం మీద తెలిసేదే. పొట్టిగా కడితే లాగే బలంతో దుంగ ముక్కు నేల నుంచి కొంచెం లేస్తుంది. పొడుగ్గా వదిలితే ముక్కు మట్టిలోకి దిగి, గుర్రం లాగేది దుంగనో నేలనో తెలియకుండా పోతుంది.

తోలేవాడు ఎక్కడుంటాడో చూడాలి. గుర్రం మీద కాదు, ముందూ కాదు. దుంగకు పక్కగా, కాస్త వెనగ్గా నడుస్తాడు. చేతిలో రెండు పగ్గాలుండవు. అర్డెన్ పద్ధతిలో ఉండేది ఒక్క తాడే. దాన్ని నిదానంగా బిగబట్టి ఉంచితే గుర్రం ఎడమకు వస్తుంది. చిన్నచిన్నగా గుంజి వదిలితే కుడికి పోతుంది. మిగతాదంతా నోటి మాట. అందువల్ల రెండో చెయ్యి కొమ్మను తప్పించడానికీ, కొక్కెం విప్పడానికీ ఖాళీగా ఉంటుంది. దుంగ ఏ మోడుకో తగులుకుంటే నేర్చిన గుర్రం పెనుగులాడదు, ఆగుతుంది. ట్రాక్టరుకు ఆ అడ్డు తెలియదు. పక్క చెట్టు బెరడు లేచిపోయేదాకా లాగుతూనే ఉంటుంది. బెరడు లేచిన చోటు నుంచి స్ప్రూస్‌కు కుళ్ళు పడుతుంది, అదీ చెట్టు మొదలు దగ్గర, ఎక్కువ ధర పలికే భాగంలో. అలాగని గుర్రంతో మనిషికి ప్రమాదం తక్కువని కాదు. వాలులో దుంగకు దిగువన నడవకూడదు, గొలుసుకూ చెట్టుకూ మధ్య నిలబడకూడదు. మలుపులో దుంగ తోక విసురుగా తిరిగితే కాలు విరుగుతుంది.

ఇక నేల సంగతి. చెట్లు కోసే పెద్ద యంత్రం బరువు 20 టన్నుల దాకా ఉంటుంది. దుంగలు నింపుకున్న మోత యంత్రం అంతకు మించుతుంది. వీటికోసం తోటలో 20 మీటర్లకోసారి 4 మీటర్ల బాట విడవాలి. లెక్కేస్తే తోటలో ఐదో వంతు బాటలకే పోయింది. తడి బంకనేల ఈ బరువు కింద గట్టిపడితే గాలీ నీరూ దిగవు, వేళ్ళు సాగవు, తిరిగి గుల్లబారడానికి దశాబ్దాలు పడుతుంది. గుర్రం నేలను తొక్కదని చెప్పేవాళ్ళు మాత్రం అతి చేస్తున్నారు. గిట్ట చిన్నది, దాని కింద ఒత్తిడి తక్కువేమీ కాదు. అయితే మొత్తం బరువు టన్ను లోపే కాబట్టి ఆ ఒత్తిడి లోతుకు దిగదు, అడుగులు ఒకే గాడిలో పడవు.

గుర్రాన్నీ యంత్రాన్నీ కలిపే పద్ధతే నాకు తెలివైనదిగా కనిపిస్తుంది. జర్మనీలోనూ ఇది నడుస్తోంది. యంత్రం బాటలను 40 మీటర్లకు దూరం చేస్తారు. బాటకు అందని మధ్య భాగంలో చెట్లను మనిషి బాట వైపు ఏటవాలుగా పడగొడతాడు, పెద్ద మలుపు తిప్పే పని లేకుండా గుర్రం వాటిని బాట పక్కకు ఈడ్చి పెడుతుంది. అక్కడి నుంచి మోత యంత్రానిది. గుర్రం ఇలా కొద్దిపాటి దూరాల్లోనే గిట్టుబాటు. కిలోమీటరు లాగించడం డబ్బు తగలేసుకోవడమే. పైగా పని లేని రోజున కూడా దానికి మేత వెయ్యాలి. షెడ్డులో ఉన్న ట్రాక్టరు ఏమీ తినదు.

ట్రాక్టర్లొచ్చాక ఈ జాతి నిలిచిన తీరు వినడానికి అంత బాగుండదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బరువు గుర్రాలను చాలావరకు మాంసం కోసమే పెంచారు. కొనేవాడికి కండ కావాలి కాబట్టి గుర్రాలు ఇంకా లావయ్యాయి. అడవిలో పనిచేసేవాళ్ళకు కావలసింది వేరు. చురుగ్గా కదలాలి, ఇరుకులో వెనక్కి అడుగెయ్యాలి. ఏటా జులైలో బెల్జియంలోని లిబ్రమాన్‌లో జరిగే వ్యవసాయ సంత ఈ గుర్రాల పెంపకందారుల సంఘం చేతుల మీదుగానే మొదలైంది. అర్డెన్ గుర్రాలకు అదే పెద్ద వేదిక. అందాల పోటీలో నెగ్గే భారీ గుర్రం దుంగలు లాగేవాడికి పనికొస్తుందన్న నమ్మకం లేదు. కొనేటప్పుడు అతను చూసేది ముందు గిట్టలు, తర్వాత నడక. చివరికి వెనక గొలుసు గలగలలాడించి, బెదురుతుందో నిలబడుతుందో చూసి ధర మాట్లాడతాడు.