భానుమతి: పొగరు అనే మాట వెనక

భానుమతి గురించి ఎవరు మాట్లాడినా రెండు మాటలు తప్పవు. బహుముఖ ప్రజ్ఞాశాలి అని సభలో అంటారు. పొగరు అని సభ అయ్యాక అంటారు. రెండూ ఒకే పని చేస్తున్నాయని నా అనుమానం. నటి, గాయని, దర్శకురాలు, రచయిత్రి అని వరసపెట్టి పొగిడేశాక ఆమె రాసింది చదవాల్సిన పని ఉండదు కదా!

నేనుండే భావనపాడులో వేటనుంచి వచ్చిన చేపల్ని ఏరేది, ఎండబెట్టేది, గంప నెత్తినెత్తుకుని ఊళ్లమ్మట అమ్మేది, పెళ్లిళ్లలో పాట ఎత్తుకునేది ఒకే ఆడమనిషి. ఆమెనెవరూ ప్రజ్ఞాశాలి అనరు. బేరం దగ్గర గొంతు పెంచితే మాత్రం పొగరంటారు.

1939లో 'వరవిక్రయం'లో, కట్నంపెళ్లికి తలవంచలేక ప్రాణం తీసుకునే కాళిందిగా భానుమతి తెరమీదికొచ్చింది. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ తనే డైరెక్ట్ చేసింది. తెరమీద ఒకరి పెదాలు, తెరవెనక ఇంకొకరి గొంతు మామూలైపోయిన కాలంలో తన పాట తనే పాడుకుంది. అయినా 'మల్లీశ్వరి' (1951)లో ఆమె గొంతులో పలికిన మాటలు కృష్ణశాస్త్రివి, బాణీలు రాజేశ్వరరావువి. 1954లో 'చక్రపాణి'కి సంగీతం తనే చేసింది. మాటలు మాత్రం పూర్తిగా తనవి అయింది వచనంలోనే.

ఆ వచనం 'అత్తగారి కథలు'. హాస్యం అని పక్కన పెట్టేశాం. స్త్రీవాదులకి అభ్యంతరాలూ ఉన్నాయి, నాకూ ఉన్నాయి. అది కలిగినవాళ్ల బ్రాహ్మణ ఇల్లు. మడి, ఆచారం, పనివాళ్లమీద అజమాయిషీ. వాటిని కథ నిలదీయదు, నవ్వి ఊరుకుంటుంది. కానీ అదే కాలంలో సినిమా మనకిచ్చిన అత్త ఎవరు? సూర్యకాంతం గయ్యాళి. ఆ పరిశ్రమలోనే బతుకుతున్న మనిషి కాగితం మీద గయ్యాళిని రాయలేదు. ఆవకాయ మీదే ఓ కథంతా నడుస్తుంది. వంటింటి గడప దాటితే చెల్లని అధికారం కాబట్టే అత్తగారు దాన్నంత పట్టుదలగా కాపాడుకుంటుందని నాకనిపిస్తుంది. కథ చెప్పే కోడలికి ఇది తెలుసు. అందుకే ఆమె నవ్వులో కసి లేదు. అత్తాకోడళ్ల మధ్య తగువే తప్ప మరేమీ ఉండదన్న కథని తెలుగులో ఇంత తేలిగ్గా తిప్పికొట్టినవాళ్లు తక్కువ.

ఈ నిబ్బరం గాల్లోంచి రాలేదు. భర్త రామకృష్ణారావుతో కలిసి కట్టుకున్న భరణీ స్టూడియో ఉంది. సొంత స్టూడియో ఉన్న మనిషి 'నేను పాడను' అనగలదు, 'నేనే పాడతాను' అనీ అనగలదు. సావిత్రి కథ పక్కన పెట్టి చూస్తే ఆస్తి ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఎంత పెద్దదో తెలుస్తుంది. పొగరు అన్న మాటకి అసలర్థం అక్కడుంది.

ఆమె ఆత్మకథ 'నాలో నేను'కి 1993 సంవత్సరానికి జాతీయ పురస్కారం వచ్చింది. ఉత్తమ సినిమా గ్రంథంగా! స్త్రీల ఆత్మకథల మీద నేను విన్న సదస్సుల్లో ఇంతవరకూ ఆ పుస్తకం పేరు ఎవరూ ఎత్తలేదు.