చెహోవ్ 'వాన్కా' కథలో బాల్య శీతకాల స్మృతి: పునఃపరిశీలన

వ్యాస సంగ్రహం

రష్యన్ కథకుడు అంతోన్ చెహోవ్ 1886లో రాసిన 'వాన్కా' కథను అనాథ బాలుని దైన్యాన్ని చిత్రించిన కరుణరస కథగా బోధించడం పరిపాటి. ఆ పఠనం అసంపూర్ణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బాలుని జ్ఞాపకంలోనూ వర్తమానంలోనూ ఉన్నది ఒకే శీతకాలం. రెండింటి మధ్య భేదం పక్కన తోడుగా నిలిచే మనిషిని బట్టి ఏర్పడుతుంది. ఆ భేదం తెలిసినందువల్లనే బాలుడు తన స్థితిని అన్యాయంగా గుర్తించి, దానిని మార్చమని లేఖ రాస్తాడు. స్మృతి ఇచ్చే ఈ బలాన్నీ, దాని పరిమితినీ కథాంతర్గత ఆధారాలతో, అలంకారశాస్త్ర పరిభాష సహాయంతో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: చెహోవ్, వాన్కా, శీతకాలం, స్మృతి, బాల్యం, కరుణరసం, బాలకార్మికత.

1. ఉపోద్ఘాతం

చలికాలపు బాల్యం అనగానే తెలుగు పాఠకునికి ధనుర్మాసపు తెల్లవారుజాము, వాకిట గొబ్బెమ్మలు, హరిదాసు చిడతల చప్పుడు, భోగిమంట చుట్టూ చేరిన పిల్లలు గుర్తుకు వస్తారు. ఈ దృశ్యాలలో చలి వేడుకకు నేపథ్యం. అయితే చలి అందరి బాల్యంలోనూ ఒకే విధంగా మిగలదు. దుప్పటి ఉన్న ఇంట్లో అది ముచ్చట. లేని చోట రాత్రంతా మెలకువ. ఈ రెండు అనుభవాలూ ఒకే బాలునిలో కలిసినప్పుడు ఏమవుతుందో చూపిన కథ 'వాన్కా'. సోవియట్ కాలపు అనువాదాల ద్వారా రష్యన్ కథ తెలుగు పాఠకులకు చిరపరిచితం. కనుక ఈ కథ మన తరగతి గదికి పరాయిది కాదు.

డిగ్రీ తరగతిలో ఈ కథను చర్చించిన సందర్భంలో ఒక విద్యార్థి, "ఊరి పేరు సరిగ్గా రాసి ఉంటే తాత వచ్చి తీసుకుపోయేవాడా సార్?" అని అడిగాడు. వెంటనే సమాధానం తోచలేదు. ఈ వ్యాసానికి ఆ ప్రశ్నే ప్రేరణ.

2. కథా సందర్భం

వాన్కా జూకొవ్ తొమ్మిదేళ్ల బాలుడు. మూడు నెలల క్రితం మాస్కోలో అల్యాఖిన్ అనే బూట్లు కుట్టేవాని దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. క్రిస్మస్ ముందు రాత్రి యజమానులు ప్రార్థనకు వెళ్లిన సమయంలో, నలిగిన కాగితం మీద తాత కొన్‌స్తంతీన్ మకారిచ్‌కు లేఖ రాస్తాడు. తాత ఒక జమీందారీ ఇంట్లో రాత్రి కావలివాడు. తనను తీసుకుపొమ్మని ప్రాధేయపడుతూ రాసిన ఆ లేఖ మీద ఊరి పేరు లేకుండా, పల్లెలోని తాతకు అన్నట్లు చిరునామా రాసి, మళ్లీ ఆలోచించి తాత పేరు చేరుస్తాడు. లేఖను తపాలా పెట్టెలో వేసి వచ్చి, ఆశతో నిద్రపోతాడు. ఆ చిరునామా రష్యన్ భాషలో గమ్యం చేరని విన్నపానికి నానుడిగా స్థిరపడింది.

రచయిత బాల్యానికీ ఈ కథకూ దూరం ఎక్కువ లేదు. 1860లో తగన్‌రోగ్‌లో జన్మించిన చెహోవ్ చిన్నతనంలో తండ్రి కిరాణా దుకాణంలో కూర్చోవలసి వచ్చింది. 1876లో తండ్రి అప్పులపాలై కుటుంబం మాస్కోకు తరలిపోగా, అతడు 1879 వరకు తగన్‌రోగ్‌లోనే ఉండి చదువు పూర్తిచేశాడు. ఇంటికి దూరమైన పిల్లవాని స్థితి అతనికి అనుభవపూర్వకంగా తెలుసు.

పండుగ నాటి చలిలో పేదబిడ్డ కథ యూరప్ సాహిత్యంలో అప్పటికే ఒక సంప్రదాయం. ఆండర్సన్ అగ్గిపుల్లల పిల్ల (1845), దొస్తొయెవ్‌స్కీ క్రిస్మస్ చెట్టు బాలుడు (1876) చలికి మరణిస్తారు. మరణంలోనే వారికి వెచ్చదనం దొరుకుతుంది. చెహోవ్ ఆ ముగింపును స్వీకరించలేదు. వాన్కా చనిపోడు. తెల్లవారాక లేచి అదే పనిలోకి వెళ్లాలి. మరణం పాఠకునికి కన్నీటితో పాటు ఒక ముగింపును కూడా ఇస్తుంది. 'వాన్కా' ఆ ఊరటను ఇవ్వదు.

3. లేఖ, కిటికీ

ఈ కథాశిల్పంలో గమనించదగిన అంశం, జ్ఞాపకాలకు కేటాయించిన చోటు. లేఖలో ప్రధానంగా ఉన్నవి ఫిర్యాదులు, వేడుకోళ్లు. ఊయల ఊపుతూ కునికినందుకు యజమాని జుట్టుపట్టి ఈడ్చి కొట్టడం, చేపను తోక వైపు నుంచి శుభ్రం చేసినందుకు యజమానురాలు ఆ చేప మూతినే ముఖాన పొడవడం, కొయ్య అచ్చుతో తల మీద కొట్టిన దెబ్బ, చాలీచాలని రొట్టె, నడవలో పడక. ఇవన్నీ దాదాపు వాంగ్మూలం వలె వరుసగా సాగుతాయి.

తాత రూపం, కష్తాంక, వ్యూన్ అనే కుక్కలు, అడవిలో చెట్టు కోసం వెళ్లిన రోజు మాత్రం రాత ఆగిన విరామాలలో వస్తాయి. కొవ్వొత్తి వెలుగు ప్రతిఫలించే చీకటి కిటికీ వైపు బాలుడు చూసినప్పుడు కథకుడే వాటిని చెబుతాడు. లేఖ తాతను ఉద్దేశించినది; కిటికీలోని దృశ్యాలు పాఠకునికి మాత్రమే అందుతాయి. బాలుడు తన సంతోషాన్ని సాక్ష్యంగా దాఖలు చేయడు. కాని ఆ సంతోషమే అతని ఫిర్యాదుకు కొలమానం. ఆప్యాయత ఎరిగి ఉన్నందువల్లనే దెబ్బను అతడు లోకసహజంగా అంగీకరించలేడు.

4. ఒకే చలి, రెండు అనుభవాలు

అడవి జ్ఞాపకాన్ని జాగ్రత్తగా చదివితే అక్కడా చలి తక్కువేమీ కాదు. చెట్టు నరకడానికి ముందు తాత తీరికగా చుంగాణీ కాల్చి, నశ్యం పీల్చి, చలికి గడ్డకట్టుకుపోతున్న మనవణ్ణి చూసి నవ్వుతాడు. మంచుకు తాత గొంతు చిటపటమంటే, అడవీ చిటపటమంటుంది, వారిని చూసి బాలుడూ అలాగే చేస్తాడు. మాస్కోలోనూ అదే మంచు. అయితే ఇక్కడ అతని చలిని చూసి నవ్వేవారు కూడా లేరు.

ఈ చలికి మరొక పాత్ర కూడా ఉంది. కాలినడకన పల్లెకు పారిపోదామనుకున్నాననీ, బూట్లు లేనందున, మంచుకు భయపడి ఆగిపోయాననీ బాలుడు లేఖలో చెబుతాడు. బూట్లు కుట్టే ఇంట్లో పనిచేసే పిల్లవానికే బూట్లు లేవు. ఏ చలికాలం అతన్ని ఇంటికి పిలుస్తోందో ఆ చలికాలమే దారికి అడ్డం నిలిచింది. లేఖ పూర్తయ్యాక మాత్రం పైకోటు కూడా వేసుకోకుండా చొక్కాతోనే వీధిలోకి పరుగెడతాడు. ఆశ కలిగిన ఆ కొద్ది నిమిషాలలో చలి అతని స్పృహలో లేదు. చివరి కలలో పొయ్యి, దానిపై కాళ్లు వేలాడదీసి కూర్చుని వంటవాళ్లకు లేఖ చదివి వినిపించే తాత, తోక ఆడించే వ్యూన్ కనిపిస్తారు. ఈ విధంగా చలి కథలో తోడుగా, అడ్డంకిగా, విస్మృతిగా రూపం మార్చుకుంటూ వస్తుంది.

5. స్మృతి: సంచారి భావం

మన కావ్య సంప్రదాయంలో ఋతువర్ణన ప్రధానంగా శృంగారానికి ఉద్దీపన విభావం. ఇక్కడ శీతకాలం కరుణకు ఉద్దీపనమైంది. కరుణకు స్థాయి శోకం. స్మృతి 33 సంచారి భావాలలో ఒకటి. వచ్చి పోయే భావం. అయితే ఈ కథలో స్మృతి శోకాన్ని పోషించడంతో ఆగదు. తాతకు నశ్యం నూరిపెడతానని, బూట్లు తుడుస్తానని, పశువులను కాస్తానని బాలుడు తన శ్రమను ప్రతిఫలంగా చూపి బేరమాడతాడు. ఇది ఉత్సాహానికి చేరువైన భావం. శోకం మధ్యలో ఉత్సాహాన్ని పుట్టించడం ఇక్కడ స్మృతి నిర్వహించిన విశేష కార్యం. కథను కేవలం కరుణరసంగా బోధించినప్పుడు మనం జారవిడుచుకునేది దీన్నే.

ఇదే రచయిత 1888లో రాసిన 'నిద్ర వస్తోంది' కథ దీనికి మరో పార్శ్వం. పసిబిడ్డను ఊపే పదమూడేళ్ల వార్కాకు కలత నిద్రలో తండ్రి మరణం, బురద రోడ్డు కనిపిస్తాయి. ఆమెకు తలచుకోవడానికి నవ్వే తాత లేడు. రాయడానికి లేఖ లేదు. నిద్ర కోసం చివరికి ఆ పసిబిడ్డనే చంపుతుంది. ఆసరాగా నిలిచే జ్ఞాపకం కూడా అందరు పిల్లలకూ సమానంగా దక్కదని ఈ రెండు కథలూ కలిపి చదివితే అర్థమవుతుంది.

6. చిరునామా సమస్య

ఇప్పుడు విద్యార్థి ప్రశ్నకు వద్దాం. ఊరి పేరు రాసి ఉంటే తాత వచ్చేవాడా? కథ ఇచ్చే ఆధారాలు ఆశాజనకంగా లేవు. తల్లి పెలగేయ ఆ ఇంట్లో దాసి. ఆమె బతికి ఉండగా ఓల్గా ఇగ్నాత్యెవ్నా వాన్కాకు మిఠాయిలు పెట్టింది. తనకు తోచక రాయడం, చదవడం, వంద వరకు లెక్క నేర్పింది. తల్లి పోగానే అతన్ని వంటింట్లో తాత వద్దకు, అక్కడి నుంచి మాస్కోకు పంపారు. తాతకు ఆ నిర్ణయాన్ని మార్చే అధికారం లేదు. వాన్కా కోరుకునే పల్లె తల్లితోపాటే పోయింది. జ్ఞాపకం నిజమే, కాని అది సూచించే చోటు ఇక లేదు.

కాబట్టి కథలోని లోపం బాలుని తపాలా జ్ఞానంలో మాత్రమే లేదు. అతనికి అక్షరం నేర్పినవారున్నారు. ఆ అక్షరానికి జవాబు చెప్పవలసినవారు మాత్రం ఆ సమాజంలో ఎవరూ లేరు. నేడు మన దేశంలో 2016 సవరణ తరువాత, కుటుంబ వృత్తుల వంటి మినహాయింపులు పోను, 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నిషిద్ధం. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పనిలో ఉన్న పిల్లలను శిబిరాల ద్వారా బడికి చేర్చి చూపింది. ఇవన్నీ వాన్కా వంటివారి లేఖకు చిరునామాను సమకూర్చే ప్రయత్నాలే.

7. ముగింపు

'వాన్కా' కథలో శీతకాల స్మృతి గతంలోకి పలాయనం కాదు. వర్తమానాన్ని తూచి, ఇది అన్యాయమని తేల్చే ప్రమాణం. అయితే ఆ ప్రమాణం పిల్లవాని చేత లేఖ రాయించగలదే గాని, జవాబు రప్పించలేదు. ఇల్లు వదిలి వసతి గృహాలలో చదువుకునే విద్యార్థులు ఎందరో మన తరగతులలో ఉన్నారు. వారు పండుగ రోజుల గురించి రాసే నాలుగు వాక్యాలను ఊరి మీద బెంగగా మాత్రమే దిద్ది పక్కన పెట్టకుండా, ఆ వాక్యాల వెనుక చెప్పని విన్నపం ఏదైనా ఉన్నదా అని చూడటం అధ్యాపకుని బాధ్యత. వాన్కా లేఖ ఎవరికి చేరిందో చెహోవ్ చెప్పలేదు. 1886 నుంచి దాన్ని చదువుతున్నది మాత్రం పాఠకులే.