పళ్లెం వెనకవైపు

పాత పింగాణి కొనేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది పళ్లాన్ని తిరగేసి చూడటం. ముందువైపు పూలు, పిట్టలు ఎవరినైనా ఇట్టే పడేస్తాయి. అది పుట్టిన చోటు, దాని వయసు చెప్పేది మాత్రం అడుగుభాగమే.

డోర్నకల్‌లో ఉంటూ ఫ్రాన్సు పింగాణి మీద ఈ మోజేమిటని చుట్టాలు అడుగుతుంటారు. నాకందులో వింతేమీ లేదు. మా ఊరి ఎపిఫనీ కేథడ్రల్‌ను 1939లో ప్రతిష్ఠించారు. గుడి స్తంభాలనూ మసీదు గుమ్మటాలనూ కలిపి బిషప్ అజరయ్య కట్టించిన చర్చి అది. దూరదేశపు వస్తువు మన గోడ మీద ఇమిడిపోగలదని నమ్మడానికి దాన్ని చూస్తూ పెరగడం చాలు.

ఈ ఇష్టానికి మన దగ్గర పెద్ద ఇల్లు సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో కన్నుమూశారు. ఆయన పోగుచేసినవి 1951లో జనం ముందుకొచ్చాయి. ఆ యూరప్ పింగాణిలో సెవ్ర్ సామాను ఉంది. 1740లో వాన్సెన్‌లో మొదలైన ఆ కార్ఖానా 1756లో పారిస్ దగ్గరి సెవ్ర్‌కు మారింది. 1759లో రాజు సొంతమైంది. 1788లో టిప్పు సుల్తాన్ రాయబారులు ఫ్రాన్సు వెళ్లినప్పుడు పదహారో లూయీ వాళ్లకిచ్చిన కానుకల్లో ఈ పింగాణి కూడా ఉంది. రాజుల కాలపు సెవ్ర్ ముద్ర మెలేసుకున్న రెండు 'ఎల్' అక్షరాలు. లోకంలో ఇంతగా దొంగిలించిన ముద్రలు కొన్నే. అందుకే బజారులో అది కనబడితే నేను చెయ్యి వెనక్కి తీసుకుంటాను.

మనబోటివాళ్లకు అందేవి లిమోజ్ పళ్లాలు. 1768లో ఆ ఊరి చుట్టుపక్కల తెల్ల కేయోలిన్ మట్టి దొరికింది. గట్టి పింగాణికి అదే ప్రాణం. చాలా లిమోజ్ పళ్లాల వెనక రెండు ముద్రలుంటాయి: గాజుపూత కింద ఆకుపచ్చగా ఉన్నది పళ్లెం చేసిన కార్ఖానాది, పూత పైన ఎర్రగా ఉన్నది బొమ్మ వేసినవాళ్లది. 'మేడిన్ ఫ్రాన్స్' అని ఇంగ్లిషులో రాసి ఉంటే అది చాలావరకు 1891 తర్వాతిది. దిగుమతి సరుకు మీద దేశం పేరుండాలని ఆ ఏడాది అమెరికా పట్టుబట్టింది.

వేలితో తట్టి చూడండి. గంటలా మోగితే మంచిది, బొంగురుపోతే ఎక్కడో నెర్రె ఉంది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే లిమోజ్ పళ్లెం వెనక వేళ్ల నీడ కనబడుతుంది. కెంపేర్ ఊరి ఫాయెన్స్ అలా కాదు. అది తగరం కలిపిన తెల్లపూత పూసిన మట్టి. పెచ్చు లేచిన చోట మట్టి బయటపడుతుంది, నీళ్లు లోపలికి దిగుతాయి. దాన్ని నానబెట్టొద్దు, తడిగుడ్డతో తుడవండి. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. కుంచె పట్టిన చెయ్యి అందులో తెలుస్తుంది.

వీటిలో తిండి వడ్డించకండి. పాత రంగుల్లో, పూతల్లో సీసం ఉండొచ్చు. మన చింతపండు పులుసు, నిమ్మకాయ పచ్చడి దాన్ని బయటికి లాగుతాయి. ఇవి గోడకే అందం.

హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్ గురువారం, సాలార్‌జంగ్‌కు సెలవు శుక్రవారం. కొనాలనిపిస్తే గురువారమే రైలెక్కండి. ముందు మ్యూజియంలో అసలుది కళ్లారా చూడండి, బజారుకు ఆ తర్వాతే.