లెక్కపెట్టి తినే గింజ

నవంబరులో టోక్యో వీధులు పసుపు ఆరబోసినట్టుంటాయి. అంతా గింకో చెట్ల చలవే. విసనకర్రల్లాంటి ఆ ఆకుల్ని చూస్తూ జనం తలెత్తి నడుస్తారు. నేను మాత్రం తల వంచుకుని నడుస్తాను. ఆడచెట్టు కింద రాలిన కాయను ఒకసారి తొక్కినవాణ్ని మరి. ఆ గుజ్జులో ఉండేది బ్యూటిరిక్ ఆమ్లం. ముక్కిపోయిన వెన్నకు కంపు తెచ్చేదీ అదే. చెప్పుకు అంటితే ఇంటిదాకా వస్తుంది.

ఆ కంపు లోపలే జపాన్‌వాళ్లు ఇష్టంగా తినే ‘గిన్నాన్’ ఉంది. పక్కింటి బామ్మగారు నాకు నేర్పిన మొదటి పాఠం చేతులకు తొడుగులు వేసుకోవడం. గుజ్జు తగిలితే ఒళ్లు దద్దుర్లెక్కుతుంది. అందులోని ఆమ్లాలు మన జీడిపెంకు నూనెలో ఉండేవాటికి దగ్గరి చుట్టాలు. పలాస జీడిపప్పు తిన్న మనకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. పప్పు ఎంత కమ్మనో పెంకు అంత కోపిష్ఠి.

కాయల్ని నీళ్లలో నానేసి, గుజ్జు పిసికి, కడిగి ఆరబెడితే పిస్తాలాంటి తెల్లటి గింజలు మిగులుతాయి. పెంకు కాస్త చిట్లగొట్టి, మూకుడులో ఉప్పుతో వేయించాలి. పైపొర ఊడి, లోపల పచ్చటి పప్పు మెరుస్తుంది. పంటికింద మెత్తగా సాగి, చివర్లో చిరుచేదు తగులుతుంది.

బామ్మగారు నాకు ఏడే పెట్టారు. పిసినారితనం కాదు. ఈ పప్పులో ఒక విషం ఉంది. వేయించినా పోదు. బి6 విటమిన్ పనిని అడ్డుకుంటుంది. మోతాదు మించితే వాంతులు, ఫిట్స్. పిల్లలకు మరీ ప్రమాదం. తిండి కరువైన కాలంలో ఆకలికొద్దీ తిని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు.

ఈ చెట్టుతో బతకాలంటే దాని మాట మనం వినాలి. హిరోషిమాలో అణుబాంబు పడిన చోటికి కిలోమీటరు పైచిలుకు దూరంలో, హోసెన్‌బో గుడి దగ్గర ఒక గింకో ఉంది. 1945లో గుడి కూలింది, చెట్టు మళ్లీ చిగిర్చింది. తర్వాత గుడి కట్టినప్పుడు చెట్టును కొట్టలేదు. మెట్లనే దాని చుట్టూ తిప్పారు.

ఏడూ అయిపోయాక నా చూపు మూకుడు వైపు వెళ్లింది. బామ్మగారు అప్పటికే దాని మీద మూత పెట్టేశారు.