ఒకే బడికి వెళ్లిన ఇద్దరు

వానాకాలం సిర్గాపూర్ దగ్గర నల్లవాగు నిండి పారుతున్నప్పుడు గట్టున నిలబడి చూడండి. సుడి తిరిగేచోట నీళ్లకు ఒక రంగంటూ ఉండదు. రేగడి నలుపు, మబ్బు బూడిద, ఎండ తగిలిన రాగిఛాయ ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుతాయి గానీ కలిసిపోవు. ప్రింట్ కళాకారుడు కృష్ణారెడ్డి 1963లో చేసిన ‘వర్ల్‌పూల్’ (సుడిగుండం) ప్రింటు చూసినప్పుడల్లా నాకు ఈ వాగే గుర్తొస్తుంది. ఆయన ఆ ప్రింటు తీసింది మాత్రం పారిస్‌లో.

చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్ స్లేడ్ స్కూల్లో చేరారు. అక్కడ హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. గుడివాడలో 1936లో పుట్టిన చిత్రకారుడు ఎస్.వి. రామారావు మద్రాసు కళాశాలలో చదివి, కామన్వెల్త్ స్కాలర్‌షిప్పు మీద 1962లో అదే స్లేడ్‌కు వెళ్లారు. ఇద్దరూ చివరికి అమెరికాలోనే స్థిరపడ్డారు, ఒకరు న్యూయార్క్‌లో, ఇంకొకరు షికాగోలో. ఇద్దరూ నైరూప్యానికే మళ్లారు. విదేశం మాత్రం ఇద్దరికీ ఒకటే ఇవ్వలేదు.

కృష్ణారెడ్డికి అది పని ఇచ్చింది. పారిస్‌లో ముద్రణ కళాకారుడు హేటర్ నడిపిన ‘అటెలియే 17’ కార్యశాలలో ఆయన జింకు పలకను శిల్పి చేతులతో చెక్కారు, ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన. అక్కడివాళ్లతో కలిసి పట్టుకున్న కిటుకు ఇది: రంగుల్లో అవిసె నూనె పాళ్లు మార్చి, ఒకదాన్ని గట్టి రోలరుతో, ఇంకొకదాన్ని మెత్తటి రోలరుతో పూస్తే చిక్కదనంలో ఉన్న తేడా వల్ల అవి కలగాపులగం కాకుండా ఎక్కడివక్కడ నిలుస్తాయి. రంగుకో పలక అక్కర్లేదు. ఒక్క పలక, ఒక్క అచ్చు, అన్ని రంగులూ. అందుకే ఆయన సుడిగుండం నీటి బొమ్మలా కాక నీరు కదిలినట్టే ఉంటుంది. 1968లో పారిస్ వీధులు విద్యార్థులతో నిండినప్పుడు చేసిన ‘డెమాన్‌స్ట్రేటర్స్’లోనూ అంతే. మనుషుల ముఖాలు కనబడవు, జనం ఒత్తిడి మాత్రం తగులుతుంది.

రామారావుకు విదేశం దూరం ఇచ్చింది. పల్చటి పొర మీద పల్చటి పొర, అడుగు రంగు పై రంగులోంచి తొంగిచూస్తుంది. ఆ కాన్వాసుల్లో నేలా ఆకాశమూ విడిగా ఉండవు. చాలాకాలం కిందట చూసిన చోటు జ్ఞాపకంలో మిగిలినట్టు ఉంటాయి. ఆ వెలుగు నాకు ఇష్టమే. అయినా ఒక్కోసారి రంగు తన అందం దగ్గరే ఆగిపోతుంది. కృష్ణారెడ్డి పలకలో ఆ విశ్రాంతి దొరకదు, లోహం ఎదురుతిరుగుతూనే ఉంటుంది.

మన ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ మాట కూడా చెప్పాలి. ఆయనా లోహపు పలకల మీద ఎచ్చింగ్ చేసినవారే. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివి, సొంత ఊరి మేకలకూ మనుషులకూ తిరిగొచ్చారు. ఆయన రూపాన్ని వదలలేదు, వదలాల్సిన అవసరమూ రాలేదు. కాబట్టి పలక పట్టినంత మాత్రాన నైరూప్యం వచ్చేయదు. స్లేడ్‌కు వెళ్లిన ఇద్దరిలో నన్ను ఎక్కువగా కదిలించేది కృష్ణారెడ్డే. రామారావు దూరం నుంచి చూసి రంగు వేశారు, కృష్ణారెడ్డి చేతుల పనినే మార్చుకున్నారు.

ఈసారి వాగు నిండినప్పుడు పిల్లల్ని గట్టుకు తీసుకెళ్లి, ఆ నీళ్లు చూపించాక ‘వర్ల్‌పూల్’ చూపించండి.