'కపెర్నహూమ్' చిత్రంలో శ్రమ, అనారోగ్యం, గుర్తింపు: ఒక విమర్శనాత్మక పరిశీలన

లెబనాన్ దర్శకురాలు నదీన్ లబకీ రూపొందించిన 'కపెర్నహూమ్' 2018లో కాన్ చలనచిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి పొందింది. తనను కన్నందుకు తల్లిదండ్రులపై దావా వేసిన బాలుడి కథగా ఇది ప్రసిద్ధం. దీనిని కరుణరసాత్మకమని మెచ్చినవారు ఉన్నారు, పేదరికాన్ని ప్రదర్శనకు పెట్టిందని ఆక్షేపించినవారూ ఉన్నారు. ఈ రెండు వాదాలూ చిత్రంలో అత్యంత శ్రద్ధగా చిత్రించిన అంశాన్ని వదిలివేశాయని నా అభిప్రాయం. ఆ అంశం అసంఘటిత శ్రమకూ అనారోగ్యానికీ మధ్య ఉన్న ఆర్థిక సంబంధం.

శీర్షికతోనే మొదలుపెట్టవచ్చు. ఫ్రెంచి భాషలో ఈ మాటకు గందరగోళమని అర్థం. తెలుగు బైబిలు చదివినవారికి కపెర్నహూము రోగులు స్వస్థత పొందిన ఊరు. చిత్రంలోని బేరూత్‌లో స్వస్థత ఎవరికీ దొరకదు. ఆరంభంలో జైలు వైద్యుడు జైన్ నోరు తెరిపించి, పాలపళ్లు ఊడిపోయాయి కనుక పన్నెండేళ్లు ఉండవచ్చని అంచనా వేస్తాడు. జనన నమోదు లేని పిల్లవాడికి పళ్లే వయోధ్రువీకరణ అవుతాయి. వైద్యుడు ఆ బాలుడి దేహాన్ని శ్రద్ధగా చూసేది చికిత్స కోసం కాదు, కోర్టు దస్త్రం కోసం.

ట్రమడాల్ ప్రసంగం ఇంకా గమనించదగినది. కుటుంబం మందుల దుకాణాలు తిరిగి ఈ నొప్పినివారణ మాత్రలు సేకరిస్తుంది. వాటిని పొడిచేసి నీళ్లలో కలిపి, బట్టలకు పట్టించి, జైలుకు చేరవేస్తుంది. తరువాత జైన్ అదే విద్యతో వీధిలో మందునీళ్లు అమ్ముతాడు. ఆ ఇంట్లో మందు ప్రవేశించేది రోగం కోసం కాదు, సరుకుగా. అనధికార ఆర్థిక వ్యవస్థలో వైద్యం ఏ రూపంలో పేదలకు చేరుతుందో ఇంత పొదుపుగా చూపిన దృశ్యాలు తక్కువ. నకిలీ కాగితాలు సమకూర్చే దళారి పేరు అస్ప్రో కావడం గమనిస్తే, తలనొప్పి మాత్రగా ఆ పేరు ఎరిగిన పాతతరం తెలుగు ప్రేక్షకుడు ఒక క్షణం ఆగుతాడు.

ఇథియోపియా నుంచి వచ్చిన రహీల్ పాత్ర ఈ సంబంధాన్ని మరింత విస్తరిస్తుంది. లెబనాన్ 1946 కార్మిక చట్టం ఏడవ అధికరణం ఇంటిపనివారిని తన పరిధి నుంచి మినహాయించింది. కఫాలా పద్ధతిలో పనిమనిషి నివాసహక్కు యజమానికి ముడిపడి ఉంటుంది కనుక ఇల్లు విడిచిన మరుక్షణం ఆమె నేరస్థురాలే. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లే స్త్రీల గురించి ఎరిగిన మనకు ఇది కొత్త కాదు. గల్ఫ్‌కు వెళ్లిన తెలంగాణ కార్మికుల వాడుకలో 'కల్లివెల్లి' అనే మాటకు ఉన్న బరువు రహీల్‌కు సరిగ్గా సరిపోతుంది. ఆమె వినోద ఉద్యానంలో శుభ్రం చేసే పనికి వెళ్తూ పసివాడు యోనాస్‌ను మరుగుదొడ్డిలో దాచి, మధ్యలో వచ్చి పాలిస్తుంది. ఆమె పట్టుబడిన తరువాత జైన్ ఆ బిడ్డకు మంచుముక్కపై చక్కెర చల్లి ఇస్తాడు. పాలపొడి కోసం సహాయకేంద్రంలో సిరియా శరణార్థినని అబద్ధమాడతాడు. ఆ పాత్ర వేసిన బాలుడు నిజంగానే సిరియా శరణార్థి.

సహర్ మరణం కథకు కీలకం. పదకొండేళ్ల ఆ పిల్లను ఇంటి యజమాని అసాద్‌కు ఇచ్చివేస్తారు. గర్భవతియై రక్తస్రావమైనప్పుడు, గుర్తింపు కాగితం లేదని ఆసుపత్రి చేర్చుకోదు. దీన్ని ఒక ఆసుపత్రి కాఠిన్యంగా చదివితే చాలదు. 1963లో ఏర్పడిన అక్కడి జాతీయ సామాజిక భద్రతా నిధి ప్రధానంగా నమోదైన ఉద్యోగులకు వర్తించేది. కాగితంపై లేని కూలికి వైద్యరక్షణ కూడా కాగితంపై ఉండదు. 2019 సంక్షోభం తరువాత కొందరు ఈ చిత్రాన్ని భవిష్యవాణిగా చదివారు. లెబనాన్ గణాంక యంత్రాంగం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సర్వేల ప్రకారం 2022 ఆరంభంలో ఉపాధిలో 62.4 శాతం అనధికారమైనది. నిజమే, కానీ 2018-19లోనే అది 54.9 శాతం. అప్పటికి డాలరుకు సుమారు 1,507 లీరాల స్థిర మారకం నిలిచే ఉంది. కాబట్టి ద్రవ్యం కూలకముందే సగానికి పైగా శ్రామికులు రక్షణకు వెలుపల ఉన్నారు. చిత్రం చూపింది రాబోయే విపత్తును కాదు, నాటి మామూలు రోజులను.

ఇంత చూపిన చిత్రం న్యాయస్థానంలో మాత్రం తడబడింది. జైన్ తల్లిదండ్రులు ఇక పిల్లల్ని కనకూడదని కోరుతాడు. తల్లి సుఆద్ నిలదీసినప్పుడు ఎదుట ఉన్న లాయరు పాత్రను దర్శకురాలే ధరించింది. ఆ క్షణంలో చిత్రం తన తీర్పును తానే సందేహించినట్లు కనిపిస్తుంది, అయితే ఆ సందేహం కథనాన్ని మళ్లించలేదు. దోషం పేదల సంతానం మీదనే నిలిచిపోయింది. పేదరిక ప్రదర్శన అన్న ఆక్షేపణ కంటే ఇది బలమైన ఆక్షేపణ. చివర గుర్తింపుపత్రపు ఛాయాచిత్రం కోసం జైన్ నవ్వుతాడు. యోనాస్ తల్లిని చేరతాడు. రహీల్‌ను కాగితం లేనిదాన్ని చేసిన ఏడవ అధికరణం మాత్రం ఆ బోనులోకి ఎక్కదు.