పెద్దలకు మాత్రమే: ఒక నౌక, రెండు బొమ్మలు

2025 జూన్‌లో బార్సెలోనాలో ఒక సాహిత్య సదస్సుకి వెళ్ళి, పత్రం చదివేసి, అక్కడినుంచి నేరుగా ఇంటికి రాకుండా ఏడు రాత్రులు మధ్యధరా సముద్రం మీద తిరిగి వచ్చాను. ఈ వాక్యంలో మొదటి సగానికి మా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. రెండో సగానికే. సదస్సు అంటే పని. పని కోసం ఆరేళ్ళ కూతుర్ని అమ్మ దగ్గర వదిలి వెళ్ళే తల్లిని మన మధ్యతరగతి ఇప్పుడు ఒప్పుకుంటోంది, కొంచెం గర్వంగా కూడా. సముద్రం చూడడానికి వదిలి వెళ్ళే తల్లిని ఏమనాలో ఇంకా తేల్చుకోలేదు. పైగా ఆ నౌకలోకి పద్ధెనిమిదేళ్ళ లోపు వాళ్ళని అసలు రానివ్వరని తెలిశాక మా మేనత్త, "పిల్లలు రాకూడని చోట ఆడదానికేం పనే?" అంది. నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న నాతోపాటు ఓడెక్కింది.

"అడల్ట్స్ ఓన్లీ" అన్న మాటని తెలుగులోకి తేవడమే కష్టం. సినిమా పోస్టర్ల పుణ్యమా అని "పెద్దలకు మాత్రమే" అనగానే మనకి ఒకటే అర్థం తడుతుంది. దాన్ని పక్కన పెట్టినా, "పెద్దలు" అంటే ఉత్తి వయసొచ్చిన వాళ్ళు కారు మనకి. తగవు తీర్చేవాళ్ళు, పెళ్ళి మాటలు మాట్లాడేవాళ్ళు, ఎక్కువగా మగవాళ్ళు. "పెద్దమనిషి" అన్న మాట చూడండి. మగవాడికి అది మర్యాద. ఆడపిల్ల "పెద్దమనిషి అయింది" అంటే ఆమెను ఓ మూల చాప మీద కూర్చోబెట్టారని అర్థం. అక్కణ్ణించి ఆమె కోడలవుతుంది, తల్లవుతుంది, అత్తగారవుతుంది. ఏ చుట్టరికమూ లేని పెద్దమనిషి మాత్రం ఎప్పటికీ కాదు. టికెట్టు మీద నా పేరు పక్కన "అడల్ట్" అని ఒక్క మాటే ఉండడం చూసి నాకు కలిగిన సంతోషం ఆ చరిత్రలోంచి వచ్చిందే. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

ఇలాంటి నౌకలు ఇప్పుడు తక్కువేం కాదు. 2021లో ప్రయాణాలు మొదలుపెట్టిన వర్జిన్ వాయేజెస్ నౌకలన్నీ పద్ధెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే. వైకింగ్ కంపెనీ సముద్ర నౌకలూ అంతే. బ్రిటన్‌లో పి అండ్ ఓ వాళ్ళు "ఆర్కేడియా", "అరోరా" అనే రెండు నౌకల్ని పెద్దవాళ్ళకే కేటాయించారు. నేను వెళ్ళిన నౌక పేరు ఇక్కడ అనవసరం. నన్ను తీసుకెళ్ళింది యూనివర్సిటీ రోజుల నాటి స్నేహితురాలు. లండన్‌లో ఉంటుంది, విడాకులు తీసుకుంది, పిల్లలు వద్దనుకుంది. ప్రేమతోనే పిలిచింది కానీ లెక్క కూడా ఉంది అందులో. ఈ నౌకల్లో గది ధర ఇద్దరు మనుషుల లెక్కన కడతారు. ఒక్కరే వెళితే చాలాసార్లు దాదాపు ఇద్దరి డబ్బూ కట్టాలి. ఒంటరి మనిషి కోసం కట్టిన గదులు ఉంటాయి గానీ అవి కొన్నే. "ఎలాగూ నీ డబ్బులు కడుతున్నాను, నువ్వే రా" అంది. పిల్లల్ని మినహాయించగలిగిన ఈ వ్యాపారం జంటని మాత్రం మినహాయించలేకపోయింది.

బాగున్న సంగతులు ముందు చెప్తాను. స్త్రీవాదులు సంతోషాన్ని అనుమానంతో మొదలుపెడతారనే నింద మనమీద ఎలాగూ ఉంది. రాత్రి ఒంటిగంటకి పై డెక్కు మీద ఒక్కదాన్నీ నడిచాను, వెనక్కి తిరిగి చూసుకోకుండా. నలభై ఏళ్ళకి దగ్గర పడుతున్న నేను ఇలా నడవడం ఎన్నోసారో లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు మిగులుతాయి. డెబ్బై దాటిన ఆడవాళ్ళు, మోకాళ్ళకి పట్టీలు కట్టుకున్నవాళ్ళు, ఒక రొమ్ము తీసేసినవాళ్ళు ఈత దుస్తుల్లో ఏ హడావిడీ లేకుండా కూర్చుని ఉన్నారు. ఇద్దరు స్త్రీలు పెళ్ళిరోజు చేసుకుంటే పక్క బల్లవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. ఏడు రోజులూ "ఇవాళ కూరేమిటి" అనే ఆలోచన నా తలలోకి రాలేదు. ఆ ఆలోచన ఇంతకాలం ఎంత చోటు ఆక్రమించుకుని ఉందో అది ఖాళీ అయ్యాకే తెలిసింది. నా స్నేహితురాలికి దక్కింది ఇంకా పెద్దది. పదిహేనేళ్ళుగా ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ వీడియో కాల్ ఎత్తినా "ఏమైనా విశేషమా?" అని అడిగించుకున్న మనిషి ఆమె. ఇక్కడ ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేరు. పిల్లల అల్లరి లేకపోవడం కంటే పిల్లల ప్రస్తావన లేకపోవడమే తనకి విశ్రాంతి అంది. దాన్ని నేను తక్కువ చేయలేను.

ఇబ్బంది నాకు ఇంకోచోట మొదలైంది. ఓడలో నేను వెంట తీసుకెళ్ళినవి రెండే: ఒక సినిమా, ఒక నవల. రెండూ ఈ సముద్రానివే. రెండింటిలోనూ ఒక సాహిత్యమో చరిత్రో చదువుకున్న అధ్యాపకురాలు, ఒక చిన్నపిల్ల, ఒక బొమ్మ ఉన్నాయని తెలిసే తీసుకెళ్ళాను.

పోర్చుగీసు దర్శకుడు మనోయెల్ ద ఒలివేరా 2003లో, తొంభై దాటిన వయసులో, "ఎ టాకింగ్ పిక్చర్" విడుదల చేశాడు. 2001 జూలైలో లిస్బన్ నుంచి రోజా మరియా అనే చరిత్ర అధ్యాపకురాలు చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని విహార నౌకలో బయల్దేరుతుంది. భర్తని కలవాల్సింది మన బొంబాయిలో. దారిలో మార్సెయ్, పాంపే, ఏథెన్స్, ఇస్తాంబుల్, పిరమిడ్లు. ప్రతి శిథిలం దగ్గరా పాప ఏదో అడుగుతుంది, తల్లి చెప్తుంది. రాత్రి భోజనాల దగ్గర కెప్టెన్ బల్ల చుట్టూ పేరు మోసిన ముగ్గురు స్త్రీలు: కాథరీన్ దెనవ్, స్తెఫానియా సాంద్రెల్లి, ఐరీన్ పపాస్. కెప్టెన్ ఇంగ్లీషులో, ఒకామె ఫ్రెంచిలో, ఒకామె ఇటాలియన్‌లో, ఒకామె గ్రీకులో మాట్లాడుకుంటారు. ఎవరి భాష వారిదే, అందరికీ అన్నీ అర్థమవుతాయి. రోజా మరియా ఆ బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె పోర్చుగీసు ఎవరికీ రాదు. అందరూ ఇంగ్లీషులోకి మారతారు. యూరప్ సామరస్యం గురించి ఈ సన్నివేశాన్ని చాలామంది మెచ్చుకున్నారు. నాకు కనిపించింది వేరు. ఆ బల్ల మీద చెల్లనిది తల్లి భాష ఒక్కటే. ఆ నౌకలో పేరుకి నిషేధం లేదు గానీ కెప్టెన్ బల్ల మాత్రం పెద్దలకు మాత్రమే.

ఏడెన్ రేవులో కెప్టెన్ పాపకోసం ముసుగు వేసుకున్న అరబ్బు బొమ్మ కొంటాడు. ఓడలో బాంబు ఉందని తెలిసి అందరూ పడవల్లోకి దిగుతుంటే పాప బొమ్మ కోసం వెనక్కి పరుగెడుతుంది. తల్లి ఆమె కోసం. పడవలు వెళ్ళిపోతాయి, ఓడ పేలుతుంది. నాగరికతకి వారసురాలు నాశనమైందని దీన్ని చదవొచ్చు. కానీ ఆ తల్లి సినిమా మొత్తంలో ఒక్కసారైనా తనకోసం సముద్రం చూసినట్టు నాకు కనిపించలేదు. ఆమె కూతురికి పాఠం చెప్పే గొంతు, చివరికి కూతురితో పాటు ప్రతీక. తన చావు కూడా తనకి మిగల్లేదు. ప్రాణం తీసేది ముసుగు వేసుకున్న బొమ్మే కావడం గురించి, 2001 సెప్టెంబరు తర్వాతి పశ్చిమ దేశాల భయం గురించి వేరే వ్యాసం రాయాలి. అయినా ఒక విషయంలో ఒలివేరాకి రుణపడ్డాను. ఆ పాపే లేకపోతే సినిమాలో ప్రశ్నలే ఉండవు. మేం అజాక్సియోలో దిగాం, నెపోలియన్ పుట్టిన ఊరు. ముప్పై మంది పెద్దవాళ్ళం ఆయన ఇంటి ముందు నిలబడి గైడు చెప్పిన తేదీలన్నీ మర్యాదగా విన్నాం. "ఆయన మంచివాడా, చెడ్డవాడా?" అని నా కూతురైతే ఖచ్చితంగా అడిగేది. మాలో ఎవరూ అడగలేదు. ఓడ సాయంత్రానికి కదలాలి, కాఫీ తాగడానికి టైము చూసుకుంటున్నాం.

ఎలేనా ఫెరాంటే నవల "ది లాస్ట్ డాటర్" ఇటాలియన్‌లో 2006లో వచ్చింది, ఆన్ గోల్డ్‌స్టీన్ ఇంగ్లీషు అనువాదం 2008లో. 2021లో మాగీ జిలెన్‌హాల్ సినిమాగా తీసింది. లేదా అనే ఇంగ్లీషు సాహిత్య అధ్యాపకురాలు ఒంటరిగా సముద్ర తీరానికి సెలవు మీద వెళుతుంది. (తెలుగులో రాస్తే ఆమె పేరే ఒక ప్రశ్న.) ఎదిగిన కూతుళ్ళిద్దరూ టొరంటోలో ఉన్న తండ్రి దగ్గరికి వెళ్ళిపోయారు. తనకి దిగులు వేయనందుకు ఆమెకే ఆశ్చర్యం. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఆమె వాళ్ళని వదిలి మూడేళ్ళు వెళ్ళిపోయింది కూడా. ఇసుకలో ఆడుకుంటున్న వేరే పాప బొమ్మని ఈమె కారణం లేకుండా సంచిలో వేసుకుంటుంది. ఇంటికి తెచ్చి కడుగుతుంది, బట్టలు తొడుగుతుంది. బొమ్మ కడుపులోంచి మురికి నీళ్ళు, ఒక పురుగు బయటికి వస్తాయి. ఫెరాంటే ఈమెను క్షమించదు, శిక్షించదు. పిల్లలు లేని సెలవంటూ తల్లికి ఉండదని, లేని పిల్లల్ని ఆమె ఎక్కడినుంచో ఎత్తుకొస్తుందని మాత్రం చూపిస్తుంది. ఒలివేరా బొమ్మ తల్లిని చంపింది. ఫెరాంటే బొమ్మ ఆమెకు సిగ్గులేకుండా తోడుంది. రెండోదాన్నే నేను నమ్ముతాను.

ఎందుకంటే మూడోరోజుకే నేను ఫోన్లో పాప ఫోటో తీసి గది శుభ్రం చేసే ఆమెకి చూపించాను. ఫిలిప్పీన్స్‌లో సెబూ ఆమెది. ఆమె కూడా ఫోన్ తీసింది: ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి నాలుగేళ్ళు. ఎనిమిది నెలల కాంట్రాక్టు, పిల్లలు వాళ్ళమ్మ దగ్గర. మర్నాడు గదికి వచ్చేసరికి మంచం మీద తువ్వాలుతో చేసిన ఏనుగు ఉంది. ముందు పనిచేసిన కుటుంబాల నౌకలో రోజుకో జంతువు చేసేదట. "ఇక్కడ చెయ్యక్కర్లేదన్నారు, పిల్లలు లేరు కదా" అంది. నా కూతురికి ఫోటో పంపమంది. 2006లో ఆమోదించి 2013లో అమల్లోకి తెచ్చిన అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం ఓడ పనివాళ్ళకి ఇరవై నాలుగు గంటల్లో కనీసం పది గంటల విశ్రాంతి ఉండాలి. అంటే పద్నాలుగు గంటలు పని చేయించుకోవచ్చని. ఆమె తన పిల్లలతో మాట్లాడేది మిగిలిన ఆ పది గంటల్లోంచే, నిద్ర తగ్గించుకుని.

ఆర్లీ హాక్‌షీల్డ్ 2000లో ప్రపంచవ్యాప్త సంరక్షణ గొలుసు అని ఒక భావన చెప్పింది: ఒక తల్లి మరో తల్లి పిల్లల్ని చూస్తుంది, ఆమె పిల్లల్ని మూడో ఆమె చూస్తుంది, డబ్బు కిందికి పోయేకొద్దీ తగ్గుతుంది. రాసెల్ పరెన్యాస్ 2001లో రోమ్‌లో, లాస్ ఏంజెలెస్‌లో ఇంటిపని చేసే ఫిలిప్పీన్స్ స్త్రీల మీద పుస్తకం రాసింది. వీటిని నేను క్లాసులో చెప్పాను. గోదావరి జిల్లాలనుంచి, కడపనుంచి కువైట్ వెళ్ళి అక్కడి ఇళ్ళలో పిల్లల్ని పెంచే మనవాళ్ళ గురించి కూడా ఉదాహరణగా చెప్పాను. చెప్పినప్పుడు ఆ గొలుసులో నేనెక్కడున్నానో గుర్తించే పని పడలేదు. పిల్లలు లేని నౌక అంటున్నాం గానీ కింది అంతస్తుల్లో కిటికీ లేని గదుల్లో నిద్రపోయేవాళ్ళలో ఎందరో తల్లులు, తండ్రులు. వాళ్ళ పిల్లల్ని రానివ్వకపోవడం గురించి ఏ బ్రోషరూ రాయదు.

నా స్నేహితురాలు దీనికి ఒప్పుకోలేదు. "ఆమె జీతం పెరగాలి, గంటలు తగ్గాలి. దానికీ పిల్లల్ని ఎక్కించుకోకపోవడానికీ ఏం సంబంధం? కుటుంబాల ఓడైతే ఆమె మీ పిల్లల చెత్త కూడా ఎత్తేది" అంది. నిజమే. నేను ఆమె సెలవుకి నా అపరాధభావాన్ని అంటగడుతున్నానా అని రెండు రోజులు ఆలోచించాను. కొంత అంతే అనుకుంటాను.

కానీ ఈ సముద్రంలో పిల్లలు లేకుండా చేయడం ఎవరితరమూ కాదు. 2014 నుంచి ఐక్యరాజ్యసమితి వలసల సంస్థ లెక్కపెడుతున్న ప్రకారం మధ్యధరా దాటబోయి ముప్పై వేలమందికి పైగా చనిపోయారు, కనిపించకుండా పోయారు. 2015 సెప్టెంబరులో టర్కీ తీరాన బోర్లా పడి ఉన్న రెండేళ్ళ అలాన్ కుర్దీ ఫోటో మనందరం చూశాం. 2014 సెప్టెంబరులో సైప్రస్‌కి చెందిన ఒక విహార నౌక మునగబోతున్న పడవనుంచి దాదాపు 345 మందిని ఎక్కించుకుని లిమసోల్ రేవుకి తెచ్చింది. ఎక్కువమంది సిరియా వాళ్ళు, పిల్లలు కూడా ఉన్నారు. చాలామంది ఓడ దిగమని గంటలకొద్దీ మొండికేశారు, ఇటలీ తీసుకెళ్ళమన్నారు. మా ఓడ సార్డీనియా దాటుతున్న రాత్రి నాకు అదే గుర్తొచ్చింది. అలాంటి పడవ ఎదురైతే కెప్టెన్ సముద్ర చట్టం ప్రకారం ఎక్కించుకోవాల్సిందే, ఏ వయసువాళ్ళనైనా.

నేను తిరిగొచ్చిన మరుసటి నెల, 2025 జూలైలో, బార్సెలోనా నగరం, రేవు కలిసి విహార నౌకల టెర్మినళ్ళని 2030 నాటికి ఏడునుంచి ఐదుకి తగ్గించాలని ఒప్పందం చేసుకున్నాయి. రద్దీతో విసిగిన ఊరివాళ్ళ గొడవలు అక్కడ ఏళ్ళుగా ఉన్నాయి. నా స్నేహితురాలు ఆ వార్త పంపుతూ "తగ్గించకముందే ఇంకోసారి" అని రాసింది. వెళ్ళాలని ఉంది నాకు.

అమ్మకి ఓడ ఫోటోలన్నీ చూపించాను. పై డెక్కు, డెబ్బై ఏళ్ళ ఆడవాళ్ళు, ఏనుగు. అరవై ఆరేళ్ళు ఆమెకి. ఆ వారమంతా నా కూతురికి జ్వరమట, నాకు చెప్పలేదు. ఫోటోలు చూస్తూ చూస్తూ, "ఈసారి నన్ను కూడా తీసుకెళ్ళవే, నాకూ పద్ధెనిమిది నిండాయిగా" అంది.

"మరి పాపనెవరు చూస్తారమ్మా?" అన్నాను.